మూడిల్ లాగ్ నుంచి ప్రాసెస్ మ్యాప్ దాకా: విద్యార్థుల డేటాకి ప్రాసెస్ మైనింగ్ వాడే పద్ధతి

ప్రాసెస్ మైనింగ్ అంటే కంప్యూటర్ రాసిపెట్టిన లాగ్ చూసి ఏ పని తర్వాత ఏది జరిగిందో మ్యాప్ గీయడం. అది మొదలుపెట్టడానికి మూడు కాలమ్‌లున్న పట్టిక ఒకటి చాలు: ఇది ఏ కేసుకి చెందింది, ఏం జరిగింది, ఎప్పుడు జరిగింది. బ్యాంకు లోన్ దరఖాస్తులైతే ఈ మూడూ తయారుగా ఉంటాయి. దరఖాస్తు నంబరే కేసు, ఫైలు ఏ టేబుల్ మీదికి వెళ్లిందన్నదే యాక్టివిటీ. చదువు డేటాలో మొదటి రెండూ ఎక్కడా రాసి ఉండవు, మనమే తేల్చుకోవాలి. మ్యాప్ గీసే అల్గారిథమ్ అరనిమిషంలో పని ముగిస్తుంది. ఈ రెండూ తేల్చడానికి వారం పడుతుంది. అందుకే కింద రాసినదాంట్లో సగానికి పైగా ఆ వారం గురించే.

ఇక్కడ తీసుకున్న ఉదాహరణ మూడిల్ (ఆన్‌లైన్ కోర్సులు నడిపే సాఫ్ట్‌వేర్) మీద నడిచే ఒక ఇంజినీరింగ్ కోర్సు: అయిదు యూనిట్లు, ప్రతి యూనిట్‌కీ నోట్స్, వీడియో, ఒక క్విజ్, ఒక అసైన్‌మెంట్. మన కాలేజీల్లో కనిపించే మామూలు అమరిక ఇదే.

ముందు ప్రశ్న రాసుకోండి

"మా పిల్లలు ఎలా చదువుతున్నారు" అనేది ప్రశ్న కాదు. దానికి వచ్చే మ్యాప్ సాలెగూడులా ఉంటుంది. "యూనిట్ క్విజ్ మొదటి ప్రయత్నానికి ముందు వీడియో తెరిచినవాళ్లెంతమంది, తెరవనివాళ్లు క్విజ్‌లో తప్పాక ఎక్కడికి వెళ్లారు" అనేది ప్రశ్న. ఇందులో కేసు ఏమిటో (ఒక విద్యార్థి, ఒక యూనిట్), ఏ యాక్టివిటీలు కావాలో, ఏవి అక్కర్లేదో అన్నీ ఉన్నాయి. ప్రశ్నని ఒక్క వాక్యంలో రాయలేకపోతే డేటాబేస్ జోలికి వెళ్లకండి.

లాగ్ తీయడం

మూడిల్ 2.7 నుంచి ఈవెంట్లన్నీ లాగ్‌స్టోర్_స్టాండర్డ్_లాగ్ అనే టేబుల్‌లో పడతాయి. ముందు ఎండీఎల్ అనో, మీ సర్వర్‌లో పెట్టిన మరో ప్రిఫిక్సో ఉంటుంది. మీకు కావలసిన కాలమ్‌లు ఇవి: ఐడీ, ఈవెంట్‌నేమ్, ఆబ్జెక్ట్‌ఐడీ, కాంటెక్స్ట్‌ఇన్‌స్టాన్స్‌ఐడీ, యూజర్‌ఐడీ, రిలేటెడ్‌యూజర్‌ఐడీ, రియల్‌యూజర్‌ఐడీ, కోర్స్‌ఐడీ, ఎడ్యులెవెల్, ఆరిజిన్, టైమ్‌క్రియేటెడ్. డేటాబేస్ చూసే హక్కు లేకపోతే కోర్సు రిపోర్టుల్లో లాగ్స్ పేజీ నుంచి సీఎస్‌వీ దింపుకోవచ్చు కానీ రెండు ఇబ్బందులున్నాయి. విద్యార్థి పేరు అందులో నేరుగా ఉంటుంది. పైగా చాలా వెర్షన్లలో సమయం నిమిషం వరకే ఉంటుంది. ఒకే నిమిషంలో పడ్డ ఆరు ఈవెంట్లలో ఏది ముందో ఏది వెనకో తెలియకపోతే ప్రాసెస్ మైనింగ్ అనవసరం. అడ్మిన్‌ని బతిమాలైనా సరే టేబులే తీయించండి.

తీయించేటప్పుడే ఇంకో మాట అడగండి: లాగ్‌లు ఎన్నాళ్లు ఉంచుతున్నారు? సర్వర్ నిండిపోతోందని అడ్మిన్ ఏడాది దాటిన పాతవి చెరిపేసే సెట్టింగ్ పెట్టి ఉండొచ్చు. నిరుడు సెమిస్టర్ మొదటి రెండు నెలలు లేకుండా లాగ్ వస్తే, అందరూ మూడో యూనిట్ నుంచి చదవడం మొదలుపెట్టినట్టు మ్యాప్ చెబుతుంది.

టైమ్‌క్రియేటెడ్ అనేది 1970 జనవరి 1 నుంచి లెక్కించిన సెకన్లు, అదీ యూటీసీలో. మన సమయానికి 19,800 సెకన్లు కలపాలి. కలపడం మరిచిపోతే ఏమవుతుంది? రాత్రి ఒంటిగంటకి క్విజ్ రాసిన కుర్రాడు ముందురోజు సాయంత్రం ఏడున్నరకి రాసినట్టు కనిపిస్తాడు. ఈవెంట్ల వరుస చెడదు కాబట్టి తప్పు కంటపడదు. రోజువారీగా, వారంవారీగా కేసులు విడగొట్టినప్పుడు మాత్రం హద్దులన్నీ అయిదున్నర గంటలు జరిగిపోతాయి. మనవాళ్లు చదివేదే అర్ధరాత్రి కాబట్టి ఇది చిన్న తప్పు కాదు.

ఎవరి పని ఎవరి ఖాతాలో పడింది

యూజర్‌ఐడీని కళ్లు మూసుకుని విద్యార్థి అనుకోవద్దు. ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. మాస్టారు అసైన్‌మెంట్ దిద్ది మార్కు వేస్తే, ఆ ఈవెంట్‌లో యూజర్‌ఐడీ మాస్టారిది, విద్యార్థి నంబరు రిలేటెడ్‌యూజర్‌ఐడీలో ఉంటుంది. యూజర్‌ఐడీనే కేసుగా పెడితే "మార్కు వచ్చింది" అనేది ఏ విద్యార్థి దారిలోనూ కనిపించదు. టైమ్ అయిపోయాక క్రాన్ (సర్వర్‌లో వేళకి నడిచే ప్రోగ్రామ్) తనంతట తాను సబ్మిట్ చేసిన క్విజ్‌లదీ ఇదే కథ. ఆరిజిన్‌లో సీఎల్‌ఐ అని ఉంటుంది, విద్యార్థి నంబరు రిలేటెడ్ కాలమ్‌లో ఉంటుంది. కాబట్టి క్విజ్ ప్రయత్నాల ఈవెంట్లకీ, మార్కుల ఈవెంట్లకీ రిలేటెడ్‌యూజర్‌ఐడీని వాడండి. మిగతావాటికి యూజర్‌ఐడీ. క్రాన్ సబ్మిట్ చేసినవాటికి "క్విజ్ టైమ్ అయిపోయింది" అని వేరే పేరు పెట్టండి. విద్యార్థి చేతులారా సబ్మిట్ నొక్కడం వేరు, వదిలేసి వెళ్లిపోవడం వేరు.

రియల్‌యూజర్‌ఐడీ ఖాళీగా లేని వరుసలన్నీ తీసేయండి. అవి అడ్మినో, మాస్టారో విద్యార్థి పేరుతో లోపలికి వెళ్లి చూసినప్పుడు పడ్డవి. ఎడ్యులెవెల్ 2 (పాల్గొనడం) ఉన్నవే ఉంచితే చాలని చాలామంది అంటారు. మార్కులు వేసిన ఈవెంట్లు 1 (బోధన) కింద ఉంటాయి, అవీ పోతాయి. దానికంటే కోర్సులో విద్యార్థి రోల్ ఉన్నవాళ్ల జాబితా తీసి, దానితో వడకట్టడం నయం. సెమిస్టర్ మధ్యలో చేరినవాళ్లని, బ్రాంచి మారినవాళ్లని విడిగా గుర్తుపెట్టుకోండి.

యాక్టివిటీ పేర్లు

ఒక విద్యార్థి పది నిమిషాల లాగ్ ఊహించి రాస్తే ఇలా ఉంటుంది:

9:02:11 కోర్సు పేజీ చూడటం
9:02:19 యూనిట్ 2 నోట్స్ తెరవడం
9:02:24 కోర్సు పేజీ చూడటం
9:02:31 క్విజ్ 2 పేజీ చూడటం
9:02:40 క్విజ్ 2 ప్రయత్నం మొదలు
9:02:41 ప్రయత్నం పేజీ చూడటం
9:06:15 ప్రయత్నం పేజీ చూడటం
9:11:50 ప్రయత్నం సమ్మరీ చూడటం
9:11:58 ప్రయత్నం సబ్మిట్
9:12:00 ప్రయత్నం రివ్యూ చూడటం

పది వరుసల్లో చదువుకి సంబంధించినవి నాలుగే: నోట్స్, క్విజ్ మొదలు, క్విజ్ సబ్మిట్, తప్పులు చూసుకోవడం. కోర్సు పేజీని అలాగే వదిలేస్తే అది మ్యాప్ మధ్యలో సాలీడులా కూర్చుంటుంది. ఎటు వెళ్లాలన్నా ఆ పేజీ మీదుగానే వెళ్లాలి కాబట్టి ప్రతి బాణమూ దాని గుండానే పోతుంది. తీసేయండి. ప్రయత్నం పేజీలు క్విజ్‌లో ఎన్ని పేజీలుంటే అన్నిసార్లు పడతాయి, అవీ వద్దు. మిగిలినవాటిలో వెంటవెంటనే వచ్చే ఒకే పేరు ఈవెంట్లని ఒక్కటిగా కలిపేయండి.

ఇంకో సంగతి ఉంది. నోట్స్ తెరిచిన అయిదు సెకన్లకే కోర్సు పేజీకి వచ్చేశాడు కదా, చదవలేదు అనుకుంటాం. నోట్స్ ఇంకో ట్యాబ్‌లో తెరిచి పెట్టుకుని, క్విజ్ రాస్తూ చూసుకుని ఉండొచ్చు. లాగ్‌లో ఉండేది తెరిచిన క్షణం మాత్రమే, మూసిన క్షణం ఉండదు. రెండు ఈవెంట్ల మధ్య ఎడాన్ని "చదివిన సమయం" అని ఎక్కడా రాయకండి. పీడీఎఫ్‌ల విషయంలో ఇది మరీ దారుణం. ఒకమ్మాయి దింపుకుని క్లాసు వాట్సాప్ గ్రూపులో పెడుతుంది, మిగతా యాభై తొమ్మిది మందీ అక్కడే చదువుతారు. మూడిల్ దృష్టిలో వాళ్లెవరూ నోట్స్ ముట్టలేదు. క్లాసులో అడిగితే ఒక్క నిమిషంలో తేలుతుంది. ఆ అలవాటు ఉన్న చోట నోట్స్ తెరవడం అనే యాక్టివిటీని విశ్లేషణలోంచి పూర్తిగా తీసేయడమే నిజాయితీ.

పేర్ల స్థాయి కుదరడం ముఖ్యం. ఈవెంట్‌నేమ్ ఒక్కటే తీసుకుంటే నోట్స్, వీడియో లింకు, ఫోల్డరు అన్నీ "మాడ్యూల్ చూడటం" అయిపోతాయి. ప్రతి వస్తువుకీ వేరే పేరు పెడితే రెండొందల గడులు వస్తాయి. మొదటి మ్యాప్‌కి 8 నుంచి 15 పేర్లు సరిపోతాయి. ఎక్సెల్‌లో ఒక షీట్ పెట్టి, ఎడమవైపు ఈవెంట్‌నేమ్, కాంటెక్స్ట్‌ఇన్‌స్టాన్స్‌ఐడీ, కుడివైపు మీరు పెట్టే పేరు రాయండి. ఆ కోర్సు చెప్పే మాస్టారి పక్కన కూర్చుని నింపండి. "టెస్ట్ కాపీ 2" అనే పేరున్నది అసలు క్విజ్ అనీ, "యూనిట్ 3 ఫైనల్" అనేది ఎవరూ వాడనిదనీ ఆయనకే తెలుసు.

కేసుని ఎక్కడ కత్తిరించాలి

విద్యార్థి మొత్తం సెమిస్టర్‌ని ఒక కేసుగా తీసుకుంటే ఒక్కో ట్రేస్‌లో (ఒక కేసు ఈవెంట్ల వరుసలో) వందల ఈవెంట్లు ఉంటాయి. అరవై మందికి అరవై వేరియంట్లు, అంటే వేర్వేరు దారులు. ఏ ఇద్దరి దారీ కలవదు, మ్యాప్‌లో ప్రతి గడి నుంచీ ప్రతి గడికీ బాణం ఉంటుంది. దీన్నే ఈ రంగంలోవాళ్లు స్పగెట్టీ అంటారు. మనకైతే సేమ్యా.

విద్యార్థి, యూనిట్ కలిపి ఒక కేసు చేస్తే అరవై మందికి, అయిదు యూనిట్లకి మూడొందల కేసులు వస్తాయి. ఒక్కోటి 5 నుంచి 20 ఈవెంట్లు. కేసు పేరు యూజర్ నంబరు, గీత, యూనిట్ నంబరు. మన ప్రశ్నకి ఇదే సరిపోతుంది. కాకపోతే ఒక జాగ్రత్త: ఒకే విద్యార్థి అయిదుసార్లు లెక్కలోకి వస్తాడు కాబట్టి, మూడొందల కేసులంటే మూడొందల మంది అన్నట్టు రాయకూడదు.

మూడో దారి సెషన్: ఒక కూర్చోవడం ఒక కేసు. ఇంతసేపు ఏ ఈవెంటూ లేకపోతే సెషన్ ముగిసినట్టు అని ఒక హద్దు పెడతారు. వెబ్ వాళ్లకి 30 నిమిషాలు అలవాటు. మీ వీడియో 50 నిమిషాలుంటే అది చూస్తున్నంతసేపూ లాగ్‌లో ఏమీ పడకపోవచ్చు, 30 పెడితే చూస్తున్న మనిషిని మధ్యలో లేపినట్టే. ఈవెంట్ల మధ్య ఎడాల హిస్టోగ్రామ్ గీసి, పొడవాటి వీడియో కంటే, పొడవాటి క్విజ్ కంటే ఎక్కువ ఉండేలా హద్దు పెట్టండి.

నలుగురు కలిసి ఒకటే ప్రాజెక్టు రిపోర్టు పెట్టే చోట ఈ పద్ధతుల్లో ఏదీ సరిగా కుదరదు. ఒక్క సబ్మిషన్‌ని నలుగురి కేసుల్లో రాస్తే నాలుగు సబ్మిషన్లు జరిగినట్టు లెక్క తేలుతుంది. అలాంటి దానికి టీమ్‌నే కేసు చేయండి.

రోల్ నంబర్లు దాచడం

రోల్ నంబరుకి ఎస్‌హెచ్‌ఏ-256 హ్యాష్ (గుర్తుపట్టలేని అక్షరాల వరుసగా మార్చడం) చేసేసి పేర్లు పోయాయనుకోవడం మామూలు పొరపాటు. మన హాల్‌టికెట్ నంబర్లకి నమూనా ఉంటుంది: చేరిన ఏడాది, కాలేజీ కోడ్, బ్రాంచి, వరుస సంఖ్య. ఒక కాలేజీకి సాధ్యమైన నంబర్లన్నీ వేలల్లోనే ఉంటాయి. అన్నిటికీ హ్యాష్ చేసి పోల్చుకోవడం లాప్‌టాప్‌కి క్షణం పని. రహస్య కీతో చేసే హెచ్‌మ్యాక్ వాడండి, లేదా యాదృచ్ఛిక నంబర్లిచ్చి ఆ జాబితాని వేరేచోట తాళం వేసి ఉంచండి. అయినా ఒక్కరే నడిచిన వింత దారి మ్యాప్‌లో ఉంటే క్లాసులో ఆ ఒక్కరెవరో ఇట్టే పట్టేస్తారు. బయటికి చూపే మ్యాప్‌లో అయిదుగురి కంటే తక్కువమంది నడిచిన బాణాలు ఉంచకండి. ఇంటర్, పాలిటెక్నిక్ పిల్లల డేటా అయితే 18 నిండనివాళ్లని 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం పిల్లలుగానే చూస్తుంది. అనుమతుల సంగతి యాజమాన్యంతో రాతపూర్వకంగా తేల్చుకున్నాకే మొదలుపెట్టండి.

పిఎమ్4పైలోకి ఎక్కించడం

డబ్బు పెట్టకుండా మొదలుపెట్టాలంటే పైథాన్‌లో పిఎమ్4పై అనే లైబ్రరీ, ఆర్ వాడేవాళ్లకి బూపార్. కోడ్ వద్దనుకుంటే ప్రోమ్ ఉచితం, డిస్కోకి లైసెన్స్ కావాలి. ప్రోమ్‌లోకి తీసుకెళ్లాలంటే లాగ్‌ని ఎక్స్‌ఈఎస్ ఫార్మాట్‌లో రాసుకోవాలి, పిఎమ్4పైనే రాసిస్తుంది.

పిఎమ్4పైని పిప్‌తో ఇన్‌స్టాల్ చేస్తే చాలదు. బొమ్మలు గీసే గ్రాఫ్‌విజ్‌ని సిస్టమ్‌లో విడిగా పెట్టి, దాని బిన్ ఫోల్డర్‌ని పాత్‌లో చేర్చాలి. విండోస్‌లో "మ్యాప్ రావట్లేదు" అనే ఫిర్యాదుల్లో ఎక్కువ ఇదే. సీఎస్‌వీని పాండాస్‌లో చదివేటప్పుడు తేదీలో రోజు ముందు అని చెప్పండి. చెప్పకపోతే 03/04/24ని మార్చి 4 అనుకుంటుంది, మీ ఏప్రిల్ క్విజ్ నెల ముందే జరిగినట్టు కనిపిస్తుంది. తర్వాత కేసు, సమయం, ఆపైన లాగ్ ఐడీ, ఈ మూడింటి మీదా వరుస పెట్టండి. ఒకే సెకనులో పడ్డవాటిని విడదీసేది ఆ ఐడీయే. అప్పుడు ఫార్మాట్ డేటాఫ్రేమ్ ఫంక్షన్‌కి మూడు కాలమ్‌ల పేర్లూ ఇవ్వండి.

మ్యాప్‌కి ముందు డాటెడ్ చార్ట్ చూడండి. అడ్డంగా సమయం, నిలువుగా కేసులు, ఈవెంట్‌కో చుక్క. నిట్టనిలువు గీత కనిపిస్తే మాస్టారు మార్కులన్నీ ఒకే పూట ఎక్కించారన్నమాట. "మార్కు తెలిసింది" అనే ఈవెంట్ సమయాన్ని నమ్మి విద్యార్థి ప్రతిస్పందన కొలవాలంటే ముందు ఈ గీత చూడాలి. సంక్రాంతి సెలవుల ఖాళీ, గడువు ముందు రాత్రి మేఘం కూడా ఇందులోనే తెలుస్తాయి.

మ్యాప్

మొదట డైరెక్ట్లీ ఫాలోస్ గ్రాఫ్ గీయండి: ఏ యాక్టివిటీ తర్వాత వెంటనే ఏది వచ్చింది, ఎన్నిసార్లు. అంకెలు మొత్తం సార్లలో కాకుండా, ఎన్ని కేసుల్లో అనే లెక్కలో చూడండి. ఒక్కడే క్విజ్‌ని నలభైసార్లు తెరిచి ఉంటే మొత్తం సార్ల లెక్కలో అదే మందపాటి బాణం అవుతుంది.

ఈ గ్రాఫ్‌ని చదివేటప్పుడు రెండు మోసాలు గుర్తుంచుకోవాలి. గ్రాఫ్‌లో మొదటినుంచి చివరిదాకా బాణాల వెంట వెళ్లగలిగినంత మాత్రాన ఆ దారిలో ఎవరో నడిచారని కాదు, ముక్కలు వేర్వేరు మనుషులవి కావచ్చు. అలాగే స్లయిడర్ జరిపి ఒక యాక్టివిటీని దాచితే, దాని ముందుదీ వెనకదీ పక్కపక్కనే జరిగినట్టు కొత్త బాణం పుడుతుంది. ఏ వాక్యం రాసినా ముందు వేరియంట్ల జాబితాలో సరిచూసుకోండి.

తర్వాత హ్యూరిస్టిక్స్ మైనర్ అనే అల్గారిథమ్. ఇది రెండు దిక్కులా జరిగినవాటిని తూకం వేస్తుంది. వీడియో తర్వాత క్విజ్ 40 సార్లు, క్విజ్ తర్వాత వీడియో 2 సార్లు వచ్చిందనుకుందాం. తేడా 38ని, మొత్తానికి ఒకటి కలిపిన 43తో భాగిస్తే 0.88. వీడియో ముందు అని ధైర్యంగా చెప్పొచ్చు. అదే 40, 38 అయితే 2ని 79తో భాగించాలి, 0.03 కూడా రాదు. గ్రాఫ్‌లో ఆ బాణం ఎంత మందంగా ఉన్నా అక్కడ వరుస అనేదే లేదు. క్విజ్ రాస్తూ వీడియో వెతుక్కోవడం చదువులో మామూలు కాబట్టి ఈ రెండో రకమే ఎక్కువ కనిపిస్తుంది.

ఇండక్టివ్ మైనర్ అనే అల్గారిథమ్ ఎప్పుడూ సక్రమమైన (మధ్యలో ఇరుక్కోకుండా చివరిదాకా నడిచే) మోడల్ ఇస్తుంది, అదే దాని గొప్ప. విద్యార్థుల లాగ్ మీద నాయిస్ హద్దు (ఎంత అరుదైనవాటిని వదిలేయాలన్న సంఖ్య) 0తో నడిపితే తరచూ "ఏదైనా, ఎప్పుడైనా, ఎన్నిసార్లైనా" అనే పువ్వు ఆకారం వస్తుంది. ఫిట్‌నెస్ 1 (లాగ్‌లోని దారులన్నీ మోడల్‌లో ఇమిడాయి) అని చూసి మురిసిపోకండి, ప్రెసిషన్ (లాగ్‌లో లేని దారులకి మోడల్ ఎంత తక్కువ చోటిస్తుందో) కూడా చూడండి. అన్నిటికీ సరే అనే మోడల్‌కి ఏ లాగ్ అయినా అతుకుతుంది. హద్దుని 0.2కి పెంచి చూడండి. అప్పటికీ పువ్వే వస్తే కేసుని ఇంకా చిన్నగా కత్తిరించాలని అర్థం.

పాసైనవాళ్లు, తప్పినవాళ్లు

అందరూ చేయాలనుకునే పోలిక ఇదే, ఎక్కువ పొరపాట్లు జరిగేదీ ఇక్కడే. సెమిస్టర్ మొత్తం లాగ్‌ని రెండు ముక్కలు చేసి మ్యాప్‌లు పక్కపక్కన పెడితే "పాసైనవాళ్లు అయిదో యూనిట్ చదివారు" అని తేలుతుంది. మూడో యూనిట్‌కే మానేసినవాడు అయిదోది ఎలా చదువుతాడు? ఫలితమే కారణంలా కనిపిస్తోంది. రెండు గుంపులకీ ఒకే తేదీ దగ్గర, ఉదాహరణకి ఆరో వారం చివర, లాగ్ కత్తిరించి అప్పటిదాకా ఉన్నవే పోల్చండి. పేర్ల షీట్, హద్దులు రెండింటికీ ఒకటే ఉండాలి. తప్పినవాళ్లు తొమ్మిది మందే ఉంటే శాతాలు రాయకండి. ఒక్కడు అటూ ఇటూ అయితే 11 శాతం మారుతుంది. తొమ్మిది ట్రేస్‌లూ కాగితం మీద రాసుకుని చదవడం మేలు.

నియమాలతో సరిచూడటం

ఒక ఆదర్శ మోడల్ గీసి, దానికి విద్యార్థులు ఎంత దూరంగా ఉన్నారో కొలవడం చదువు విషయంలో నాకు సబబుగా అనిపించదు. బాగా వచ్చినవాడు వీడియో దాటేస్తాడు, అది తప్పు కాదు. దానికి బదులు డిక్లేర్ (ప్రాసెస్‌ని నియమాలతో వర్ణించే భాష) తరహా చిన్న నియమాలు వాడండి: "మొదటి క్విజ్ ప్రయత్నానికి ముందు వీడియో ఉందా", "సగం కంటే తక్కువ మార్కు వచ్చాక మళ్లీ ప్రయత్నం ఉందా". ఒక్కో నియమం ఎన్ని కేసుల్లో వర్తించింది, ఎన్నింటిలో నిలిచింది, రెండు అంకెలూ రాయాలి. ఫీజు, రిజిస్ట్రేషన్, రీవాల్యుయేషన్, సర్టిఫికెట్ల జారీ లాంటి ఆఫీసు పనులకి మాత్రం అలైన్‌మెంట్ పద్ధతి (అసలు దారిని మోడల్ దారితో మెట్టు మెట్టుగా పోల్చడం) చక్కగా పనిచేస్తుంది. అక్కడ వరుస నిజంగానే రూల్‌లో రాసి ఉంటుంది.

సప్లీల డేటా

మూడిల్ లేని కాలేజీకి పరీక్షల విభాగం డేటా ఉంటుంది. కేసు విద్యార్థి, యాక్టివిటీ "మ్యాథ్స్-1 ఫెయిల్", "మ్యాథ్స్-1 సప్లీ పాస్" లాంటివి. చిక్కల్లా సమయం దగ్గర. మార్క్‌షీట్‌లో నెల, ఏడాది మాత్రమే ఉంటాయి, ఆరు సబ్జెక్టులకీ ఒకటే. సాఫ్ట్‌వేర్ వాటిని ఫైల్లో ఉన్న వరుసలో పేరుస్తుంది, అంటే సబ్జెక్టు కోడ్ వరుసలో. "కెమిస్ట్రీ తప్పినవాళ్లు వెంటనే డ్రాయింగ్ తప్పుతున్నారు" అనే కనుగోలు అలా పుట్టిందే. ఒక పరీక్షా కాలంలో తప్పినవన్నీ కలిపి ఒకే ఈవెంట్‌గా, "2 బ్యాక్‌లాగ్‌లు" అన్నట్టు రాయండి. లేదా మ్యాథ్స్-1, మ్యాథ్స్-2 లాంటి గొలుసు సబ్జెక్టులు మాత్రమే ఉంచండి.

సొంత డేటా చేతికొచ్చేలోపు సాధన చేయాలంటే బ్రిటన్ ఓపెన్ యూనివర్సిటీ విడుదల చేసిన ఓయూలాడ్ అనే డేటాసెట్ ఉంది: 7 కోర్సులు, 22 విడతలు, 32,593 విద్యార్థి రిజిస్ట్రేషన్లు, కోటి ఆరు లక్షలకు పైగా వరుసల క్లిక్ లాగ్. అందులోనూ పైన చెప్పిన చిక్కే ఉంది. క్లిక్‌లు రోజువారీగా కూడి ఉంటాయి, తేదీ కూడా కోర్సు మొదలైన రోజు నుంచి లెక్క, మొదలుకాకముందు చూసినవి మైనస్‌లో ఉంటాయి. ఒకే రోజులోని ఫోరమ్, క్విజ్, నోట్స్ వరుస తేలదు. రోజుకొక ఈవెంట్ చేయండి: "క్విజ్ రోజు", "చదివిన రోజు", "ఏమీ లేని వారం". ఫైనల్ రిజల్ట్ కాలమ్‌లో డిస్టింక్షన్, పాస్, ఫెయిల్, విత్‌డ్రాన్ అని నాలుగుంటాయి. విత్‌డ్రాన్‌ని ఫెయిల్‌తో కలిపేయకండి, మానేసిన తేదీ రిజిస్ట్రేషన్ ఫైల్‌లో విడిగా ఉంది.

మాస్టారికి మ్యాప్ చూపించబోయే ముందు మూడు కేసులు యాదృచ్ఛికంగా ఎంచి, వాటి అసలు లాగ్ వరుసలు, మీ కుదించిన ట్రేస్ పక్కపక్కన ముద్రించి తీసుకెళ్లండి. వడపోతలో ఏ మెట్టులో ఎన్ని వరుసలు పోయాయో కూడా అదే కాగితం మీద ఉండాలి. "కోర్సు పేజీ తీసేశాక ఇన్ని, మాస్టార్లవి తీసేశాక ఇన్ని" అని. ఆయన ముందు వేలు పెట్టేది ఆ అంకెల మీదే.